కారును తోమరాదు, కడుగవలెను



కారును కడుగుట గూర్చి ఒక పండితుడు రేడియోలో ప్రసంగించుట యేమని కొందఱికి నవ్వు రావచ్చును. వ్యాకరణము చెప్పి, పద్యములకు ప్రతిపదార్థములు వ్రాయించి, ఉద్యోగవిరమణము చేసిన నావంటి వానికి కారుతో పనియేమి యని యడుగవచ్చును. నాకు సొంతకారు లేనిమాట నిజమే. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకు రెండు కారణములు కలవు. నాయొద్ద చదువుకొన్నవారిలో పలువురు నేడు కార్లు నడిపియు, బాగుచేసియు, వానికి రంగులు వేసియు జీవించుచున్నారు. నేను వారికి చదువు చెప్పితిని. వారు నాకు ఈ విద్య చెప్పిరి. ఇది మొదటి కారణము. ఈ పనిలో కలుగు హానికి సగము మూలము, మన తెలుగు క్రియాపదముల భేదమును మనము మఱచుట. ఇది రెండవ కారణము. ఈ భాగము నా వృత్తికి చెందినదే కదా.

మన యిండ్లలో శుభ్రము చేయుటకు ఒక్క మాట చాలదు. అంట్లను తోముదుము. బియ్యమును కడుగుదుము. బట్టలను ఉతుకుదుము, పిదప జాడింతుము. దుప్పటిని దులుపుదుము. నేలను తుడుతుము. స్నానము చేసిన పసిబిడ్డ ఒంటిని మెత్తని గుడ్డతో అద్దుదుము. ఏ వస్తువునకు ఏ క్రియ తగునో మన పెద్దలు భాషలోనే నిర్ణయించి యుంచిరి. ఇత్తడిచెంబును చింతపండుతోను బూడిదతోను తోమినచో తళతళ మెఱయును. ఆ మెఱుపు ఎచ్చటనుండి వచ్చినది? చెంబు పైపొర ఇంచుక అరుగుట వలన వచ్చినది. చెంబు మందమైనది కావున మూడు తరములవారు తోమినను చెల్లును. కారు రంగునకు అట్టి మందము లేదు. చెంబునకు చెల్లిన క్రియను కారునకు చేయుటయే మన కష్టమంతయు.

కారు రేకుపై నున్నది ఒక్క పూత కాదు. త్రుప్పు పట్టకుండ అడుగున ఒక పూత, నునుపు కొఱకు దానిపై ఒకటి, మన కంటికి కనబడు రంగు మఱియొకటి, అన్నింటికిని పైన గాజువలె స్వచ్ఛమైన పూత యొకటి వేయుదురు. ఈ కడపటిదానిని క్లియర్‌కోటు అందురు. పూర్వము కార్లకు కుంచెతో వార్నీషు పూసెడివారు. అది ఆఱుటకు వారముల కాలము పట్టెడిది. 1920ల నడుమ అమెరికాలో డ్యూకో యను పేర త్వరగా ఆఱెడి రంగు వచ్చినది. రంగుపై వేఱుగా స్వచ్ఛపుపూత వేయు పద్ధతి 1980ల నాటికి విరివిగా వ్యాపించినది. ఈ పూత సాధారణముగా 40 నుండి 50 మైక్రానుల మందము, అనగా మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు మాత్రమే. మన తలవెండ్రుక తఱచుగా ఇంతకంటె లావుగా నుండును. ఎండనుండి రంగును కాచునది ఇదే. మెఱుపు నిచ్చునది ఇదే. దీనిమీద పడిన సన్నగీతలను యంత్రముతో పాలిష్ చేసి పోగొట్టవచ్చును గాని, అట్లు చేయుటయనగా ఆ పూతను కొంత అరగదీయుటయే. కావున దానికి హద్దు కలదు.

ఇంక దీనిపై పడు దుమ్ము సంగతి చూతము. 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు, ఏది దేనిని గీయునో పరీక్షించి, ఖనిజములకు ఒకటి మొదలు పది వఱకు కాఠిన్యపు మెట్లు ఏర్పఱచెను. వజ్రము పదవది. మన చేతిగోరు రెండున్నర, కిటికీ అద్దము అయిదున్నర ప్రాంతమున నుండును. ఇసుకలో ముఖ్యభాగమైన స్ఫటికశిల, అనగా క్వార్ట్జు, ఏడవది. అద్దమును సైతము గీయగల రేణువునకు ఆ పలుచని పూత యొక లెక్కయా?

ఈ మాట మన ప్రాంతమువారు విశేషముగా వినదగినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి, ఈ మూడును పూర్వపు వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన వేఱువేఱు జిల్లాలకు కేంద్రములైనవి. మూడింటికిని దుమ్ము కలదు, కాని ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. మహబూబాబాదు వైపు ఎఱ్ఱచెలకల దుమ్ము. ఎఱుపు ఇనుము వలన వచ్చినది. అందలి గరుకు, రాళ్లు శిథిలమై యేర్పడిన ఇసుక వలన వచ్చినది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు, సమీపమున చెల్పూరులో కాకతీయ తాపవిద్యుత్కేంద్రము నున్నవి. బొగ్గు, బూడిద మోయు లారీలు తిరుగు బాటలలో కారుపై నల్లని నుసియు, బూడిదయు పడును. అవి చేతికి మెత్తగా తగులును గాని, బొగ్గుతో రాతిపొడి కలిసి యుండును. బూడిదలో ఇసుకకు మూలద్రవ్యమైన సిలికా కలదు. జనగామకు దుమ్ముతోపాటు నీటిచిక్కు కూడ నున్నది. దానిని ముందు చెప్పెదను. మేడారము జాతరకు పోయి వచ్చిన బండిమీద ఈ దుమ్ములన్నియు ఒక్కసారిగా చేరును.

ఇచ్చట నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటే. దుమ్ము తనంతట తాను రంగును గీయదు. అది కారుపై పదిదినములు ఊరక పడియున్నను గీత పడదు. దానిపై గుడ్డ వేసి ఒత్తి యీడ్చినప్పుడే గీత పడును. గీయునది దుమ్ము కాదు, చేయి. కావున నీటితో పోదగినదంతయు నీటితో పోయిన పిదపనే కారుపై చేయి వేయవలెను. తక్కిన విధులన్నియు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

దీనికి ఒక యుదాహరణము చెప్పెదను. నాయొద్ద చదువుకొన్నవాడొకడు జనగామలో అద్దెకారు నడుపును. అప్పు చేసి కొన్న కారు. దానితోనే కుటుంబము గడుపవలెను. ప్రతిదినము తెల్లవాఱుజామున లేచి, పొడిగుడ్డతో కారంతయు తుడిచి, పిదపనే టీ త్రాగెడివాడు. నాలుగేండ్లు ఒక్కదినము మానలేదు. వాయిదాలు తీఱిన పిదప దానిని అమ్మి పెద్దకారు కొనదలచెను. కొనవచ్చిన వ్యక్తి కారును నీడనుండి ఎండలోనికి త్రోయించి, వంగి బానెట్‌వైపు చూచెను. సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూడువలె వేలకొలది సన్నని గీతలు! ఇంజను మంచిదే, టైర్లు మంచివే. అయినను ధర తగ్గించి అడిగెను. ఇతడు సోమరియై యుండినచో ఆ గీతలు పడియుండెడివి కావు. అతని శ్రద్ధయే అతనికి నష్టము తెచ్చినది. విద్య లేని శ్రద్ధ యెంత నష్టకరమో నేను తరగతిలో ముప్పదియేండ్లు చెప్పితిని గాని, ఇంత స్పష్టమైన నిదర్శనము నాకు దొరకలేదు.

ఇంక పద్ధతి వినుడు. ఇందు నేర్పరితనము కంటె క్రమము ముఖ్యము.

మొదట చోటు, సమయము. కారును నీడలో నిలుపుడు. బానెట్‌పై అరచేయి ఆనించి చూడుడు, వేడిగానున్నచో ఆగుడు. కాలిన రేకుపై నీరును సబ్బును క్షణములో ఆఱి మచ్చలు పడును. ఉదయమో సాయంకాలమో మంచిది.

రెండవది చక్రములు. వానిని ముందుగానే కడుగుడు. బ్రేకులనుండి రాలిన ఇనుపపొడి అచ్చట పేరుకొని యుండును. చక్రములకు వాడిన గుడ్డయు, బకెట్టును వానికే; కారు ఒంటికి వానిని తాకింపరాదు. అంట్లగుడ్డతో ముఖము తుడుచుకొనువా డుండునా?

మూడవది తడుపుట. పైకప్పు మొదలుకొని క్రిందికి ధారాళముగా నీరు పోయుడు. పైపు లేనివారు చెంబుతో పోయవచ్చును. ఇచ్చట గుడ్డకు పని లేదు. అడుగుభాగమున గట్టిపడిన మట్టి నానుటకు కొన్ని నిమిషములు విడిచి, మఱల పోయుడు. ఒత్తిడితో నీరు చిమ్ము యంత్రమున్నచో, ధారను విసనకఱ్ఱవలె వెడల్పు చేసి, రెండడుగుల యెడమునుండి చిమ్ముడు. మిక్కిలి దగ్గఱనుండి చిమ్మినచో, పెచ్చు లేచిన రంగు ఊడిపోవును. బొగ్గునుసి, బూడిద పడిన కారునకు ఈ మెట్టు రెండుసార్లు జరుపవలెను. పైపైన తడిపిన బూడిద ముద్దయై అంటుకొనును. పుష్కలముగా పోసినచో కొట్టుకొనిపోవును.

నాలుగవది కడుగుట. దీనికి రెండు బకెట్లు కావలెను. ఒకదానిలో షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఉత్తనీరు. గుడ్డను షాంపూనీటిలో ముంచి కారులో ఒక భాగమును కడిగి, పిదప ఉత్తనీటిలో బాగుగా జాడించి, పిండి, మఱల షాంపూనీటిలో ముంచవలెను. మట్టియంతయు రెండవ బకెట్టులో చేరును. షాంపూనీరు నిర్మలముగా నిలుచును. ఆ రెండవ బకెట్టు అడుగున చిల్లుల ప్లాస్టిక్ జాలి యొకటి బోర్లించినచో, దిగిన ఇసుక మఱల గుడ్డకు అంటదు. ఒక్క బకెట్టుతో కడుగువాడు, తాను తీసిన ఇసుకను తానే తెచ్చి మఱల రాయుచున్నాడు.

గుడ్డ మైక్రోఫైబర్‌ది, దట్టమైన నూగు కలది మేలు. దానిలో రేణువు నూగు లోపలికి పోవును. పాతలుంగీ ముక్క, గోనె, ప్లాస్టిక్ పీచు పనికిరావు. వానిలో రేణువు పైననే నిలిచి రంగును కోయును. గుడ్డ నేలపై పడినచో ఆ దినమునకు దాని పని ముగిసినది, వేఱొకటి తీసికొనుడు. బట్టల సబ్బుపొడియు, అంట్ల సబ్బును వాడకుడు. అవి జిడ్డుతోపాటు రంగుపై నున్న మైనపు రక్షణను కూడ తీసివేయును. కార్లకని చేసిన షాంపూను సీసాపై వ్రాసిన కొలత చొప్పున కలుపుడు. నురుగు పుట్టించుట దాని ఉద్దేశము కాదు, గుడ్డ జాఱునట్లు చేయుటయే.

పైకప్పు, అద్దములు, బానెట్, డిక్కీ, తలుపుల పైభాగములు, కట్టకడపట తలుపుల క్రిందిభాగములు, ఇది వరుస. మట్టి క్రిందనే యెక్కువ గదా! చేతిని గుండ్రముగా త్రిప్పకుడు. నిలువుగానో అడ్డముగానో తిన్నగా నడుపుడు. ఒత్తకుడు, గుడ్డ బరువే చాలును. ఒక్కొక్క భాగము కాగానే, సబ్బు ఆఱకముందే నీరు పోయుడు.

అయిదవది తడి తీయుట. తనంతట ఆఱునని విడువరాదు. జనగామ నీటిచిక్కు ఇచ్చటనే వచ్చును. ఆ మెట్టప్రాంతపు రాతినేలలో బోరుబావుల నీరు పలుచోట్ల కఠినజలము. దానిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగి యుండును. నీళ్లు కాచుకొను పాత్ర అడుగున తెల్లనిపొర చూడని యింటివారు అచ్చట అరుదు. కారుపై బొట్టు ఆఱినప్పుడు నీరు పోయి ఆ పొరయే తెల్లని వలయమై మిగులును. ఎండలో కాలమున పూతను కొఱుకును. కావున కడిగిన వెంటనే మెత్తని దళసరి తువాలును కారుపై పఱచి, నెమ్మదిగా అద్ది యెత్తుడు. పసిబిడ్డకు చెప్పిన క్రియయే కారునకును. వానకాలమున పట్టియుంచిన శుభ్రమైన నీరున్నచో కడపటి బకెట్టు దానితో పోయుట మఱియు శ్రేష్ఠము; వాననీటిలో ఆ లవణములు దాదాపు లేవు.

కాకిరెట్టల గూర్చి ఒక మాట. వేపచెట్టు క్రింద నిలిపిన కారునకు ఇది తప్పదు. ఎండిన రెట్టను గోరుతో గీకరాదు. అట్లని విడువనురాదు, అది పూతను తినును. తడిగుడ్డ నొకదానిని దానిపై కొన్ని నిమిషములు పఱచి, నానిన పిదప ఎత్తి తీయుడు.

దసరానాడు మనము వాహనపూజ చేయుదుము. పసుపు కుంకుమలు, నిమ్మకాయలు, గుమ్మడికాయ, బంతిపూలదండ, అన్నియు చేయుడు. నేను కాదనుట లేదు. అయితే బొట్టును రంగుపై గాక అద్దముమీదనో నంబరుపలకమీదనో పెట్టవచ్చును. కొబ్బరినీరు, నిమ్మరసము చిందినచో ఆనాడే నీటితో కడుగుడు. దండను బండి నడుపుటకు ముందు తీయుడు. గాలికి ఊగు దారము, దానికంటిన దుమ్ముతో కలిసి, చిన్న ఆకురాయి వంటిదగును. వారము పిదప ఎండిన కుంకుమను పొడిగుడ్డతో రాచి తీయుట మాత్రము, భక్తితో మొదలిడి రంగును చెఱచుట.

ఇంక నీటి మాట. నిమిషమునకు 10 లీటర్లు వచ్చు పైపును అరగంట తెఱచియుంచినచో 300 లీటర్లు పోవును. నేను చెప్పిన పద్ధతిలో మూడు నాలుగు బకెట్లు, మురికి హెచ్చుగానున్నచో అయిదాఱు, సరిపోవును. ఇంటింటికి వచ్చు మిషన్ భగీరథ నీరు దూరమునుండి తెచ్చి, శుద్ధిచేసి, త్రాగుటకని పంపు నీరు. దానిని చక్రములపై పోయుట ధర్మము కాదు. 2024 మార్చిలో నీటికఱవు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించినది. ఆ దినము మనకు రాకముందే మనము మేల్కొనుట మంచిది. అట్లని కార్లను చెఱువులోనికి దింపుటయు తగదు. బయ్యారము చెఱువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. పొలములు పండుటకు, పశువులు త్రాగుటకు త్రవ్వించిన అట్టి చెఱువులలో మన నూనెయు సబ్బును కలుపుట కృతఘ్నత. పైగా ఒడ్డున కెలికిన నీటిలో ఇసుకయే యుండును. అది కారునకును మేలు చేయదు.

నీరు లేనినాడేమి చేయవలెను? అద్దములు, దీపములు, నంబరుపలక, ఈ మూడింటిని తడిగుడ్డతో శుభ్రపఱచుడు; అది ప్రాణరక్షణకు కావలసినది. తక్కిన కారును ముట్టకుడు. దుమ్ముతో నున్న కారు చెడిన కారు కాదు. అది నీటికొఱకు వేచియున్న కారు.

కడపట ఒక్క విన్నపము. కారున్నవారిలో తామే కడుగుకొనువారు కొలదిమంది. ఉదయముననే వచ్చు కుఱ్ఱవాడో, వాటర్ సర్వీసింగు దుకాణములో పనిచేయు కూలియో కడుగును. మనము వానికి అరబకెట్టు నీరు, ఒక చినిగిన గుడ్డ యిచ్చి, పావుగంటలో అద్దమువలె మెఱవవలెనని యందుము. ఏడాది తిరుగకముందే గీతలు కనబడినచో వానినే దూషింతుము, జీతము కోయుదుము. అరబకెట్టుతో ఎవడు కడిగినను గీతలు పడును. పండితుడు కడిగినను పడును. వానికి రెండు బకెట్లు, రెండు మంచిగుడ్డలు, కొంత తీఱిక యిచ్చి, ఈ క్రమమును ఒక్కసారి ఓపికతో చూపుడు. అప్పుడు మీ కారు నిలుచును, వాని కూలి నిలుచును, వానికొక విద్య అబ్బును. ఆ విద్యతో వాడు రేపు తన కారును తాను కడుగుకొనవచ్చును.

ముందు నీరు, పిదప చేయి. ఇంతకంటె నేను చెప్పవలసినది లేదు.